ముందు లాఫ్ట్ మీది సంచులు దించండి

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. పుట్టిల్లు నెల్లూరు, పెళ్లయినప్పటి నుంచి మద్రాసే. వేళచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు మాది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు ఇంట్లోకి నడుం లోతు నీళ్లు వచ్చి, మా నాన్నగారూ నేనూ కొని దాచుకున్న పాటలన్నీ మునిగిపోయాయి. 46 ఎల్పీ రికార్డులు, 140 దాకా క్యాసెట్లు, ఒక అర నిండా సీడీలు. బురద చూసి చాలావరకు పారేశాం. పారేయడానికి చేతులు రానివి రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి లాఫ్ట్ మీద పెట్టాను. అప్పటి నుంచి ఒక్కొక్కటీ మళ్లీ కొంటున్నాను. ఇప్పటికి 19 కొన్నాను. వాటిలో నాలుగు, తీరా పెట్టి వింటే, నేను పోగొట్టుకున్నవి కావు. బెంగళూరులో ఉన్న మా అమ్మాయి "అన్నీ ఫోన్లో ఉన్నాయి కదమ్మా, ఎందుకీ ఖర్చు" అంటుంది. రెండు క్యాసెట్లు మాత్రం నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఒకటి, మా అమ్మమ్మ పాడిన మేలుకొలుపులు నాన్నగారు 1984లో ఇంట్లో రికార్డు చేసింది. అది లాఫ్ట్ మీది సంచిలో ఉంది. రెండోది, 1987లో నెల్లూరులో ఒక రికార్డింగ్ సెంటర్‌కు పన్నెండు పాటల చీటీ ఇచ్చి నేను నింపించుకున్నది. అది పోయింది. పదకొండు పాటలు వరసగా గుర్తున్నాయి, తొమ్మిదోది ఎంత ఆలోచించినా తట్టడం లేదు. నేను చేస్తున్నది పిచ్చి పనా? ఏవి ముందు కొనాలి?

సమాధానం: పిచ్చి పని కాదండీ. వరదలో మిక్సీ పోతే మళ్లీ కొన్నందుకు ఎవరూ కారణం అడగరు. పాటలు మళ్లీ కొన్నప్పుడే మనం ఇంట్లోవాళ్లకు సంజాయిషీ చెప్పుకుంటాం. మీరు ఎవరికీ చెప్పుకోనక్కరలేదు. ఇష్టపడి విన్నవి పోయాయి, మళ్లీ కావాలనుకుంటున్నారు. అంతే.

కానీ ఒక్క మాట నేను గట్టిగా చెప్పాలి. మీ వరస తప్పింది. బజారులో దొరికేవాటి వెంట ఇన్నాళ్లూ తిరిగారు. ఏ బజారులోనూ దొరకనిది మీ లాఫ్ట్ మీద, ప్లాస్టిక్ సంచిలో, బూజు పడుతూ ఉంది. పందొమ్మిదికి ఇరవయ్యోది కొనకముందే ఆ సంచులు కిందికి దించండి.

ఎందుకు ఇంత తొందర పెడుతున్నానంటే, టేపుకు నీళ్లకన్నా తర్వాత మిగిలిన తేమే ఎక్కువ చేటు చేస్తుంది. క్యాసెట్‌లోది పల్చటి ప్లాస్టిక్ రిబ్బను. దాని మీద అయస్కాంత పొడిని ఒక జిగురుతో పూతగా పట్టిస్తారు. పాటంతా ఆ పూతలోనే ఉంటుంది. మద్రాసు గాలిలో తేమ ఎప్పుడూ ఉండేదే. దానికి తోడు బురద నీళ్ల తడి ఆరకుండానే మూటగట్టారు కాబట్టి బూజు ఆ పూత మీదే పెరుగుతుంది, చుట్టకు చుట్టకు మధ్య అంటుకుంటుంది. అలా అంటుకున్నదాన్ని టేప్ రికార్డర్‌లో పెట్టి ప్లే నొక్కితే పూత ఊడి రావచ్చు, రిబ్బను తెగిపోవచ్చు. కాబట్టి ఒకసారి పెట్టి చూద్దాం, పలుకుతుందేమో అని ఆశపడకండి. ఆ ఒక్కసారే ఆఖరిసారి అవుతుంది.

సంచి విప్పేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోండి, బాల్కనీలోనో వరండాలోనో విప్పండి. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే రిబ్బను చుట్ట అంచు మీద తెల్లటి పొడిలా కనిపిస్తే అది బూజే. ఎండలో పెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి. ఫోను తడిస్తే చేసినట్టు బియ్యం డబ్బాలో దాచకండి, బియ్యం పిండి ఇంకో బురద అవుతుంది. నీడలో, ఫ్యాను గాలి తగిలేచోట, తెల్ల కాగితం మీద విడివిడిగా కొన్ని రోజులు ఉంచండి. తర్వాత తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూత ఉన్న డబ్బాలో ఒక వారం. తడి పూర్తిగా ఆరితే బూజు పెరగడం ఆగుతుంది. పోదు, ఆగుతుంది. మీ చేతిలో ఉన్న పని అక్కడితో అయిపోయింది. అమ్మమ్మగారి క్యాసెట్ మటుకు అక్కడి నుంచి పాత టేపులు డిజిటల్‌కు మార్చడం వృత్తిగా ఉన్నవాళ్ల చేతికి వెళ్లాలి. మద్రాసులో అలాంటివాళ్లు ఉన్నారు. పెళ్లి వీడియో క్యాసెట్లు మార్చేవాళ్లను అడిగినా దారి చూపిస్తారు.

ఇచ్చేముందు వాళ్లను కొన్ని అడగండి. రిబ్బను చుట్టూ ఉన్న ప్లాస్టిక్ డొల్ల విప్పి, రిబ్బను శుభ్రం చేసి, కొత్త డొల్లలోకి మారుస్తారా? చాలా క్యాసెట్లకు అయిదు చిన్న మరలు ఉంటాయి, విప్పితే లోపలి చుట్టలు రెండూ చెక్కుచెదరకుండా బయటికి వస్తాయి. మరలు లేకుండా అతికించేసిన రకమైతే జాగ్రత్తగా పగలగొట్టాలి. ఆ పని చేయని మనిషికి ఇవ్వకండి. అది సీ-60నా, సీ-90నా, అంటే గంటదా, గంటన్నరదా చూసి ముందే చెప్పండి. సీ-90 రిబ్బను ఇంకా పల్చన, తొందరగా సాగిపోతుంది.

ఇంకొకటి, ఇది చాలామందికి తట్టదు. ఇంట్లో రికార్డు చేసిన క్యాసెట్‌కు ఆనాటి టేప్ రికార్డర్ హెడ్, అంటే రిబ్బనుకు తగిలే భాగం, ఏ వాలులో ఉందో అదే వాలు పడి ఉంటుంది. వేరే మెషీన్‌లో పెడితే గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టు ముద్దగా వినిపిస్తుంది. హెడ్ పక్కన ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ వింటే ఒకచోట గొంతు తేటపడుతుంది. పని తెలిసినవాళ్లు ప్రతి క్యాసెట్‌కూ ఇది చేస్తారు. మీ అమ్మమ్మగారి గొంతు మీకు తెలుసు, వాళ్లకు తెలియదు. వీలైతే ఆ సమయానికి మీరు పక్కన ఉండండి. ఫైలు ఎంపీ3లో కాకుండా, శబ్దంలో ఏదీ పోనివ్వని వేవ్ గానీ ఫ్లాక్ గానీ ఇమ్మనండి. శబ్దం శుభ్రం చేస్తామంటే, చేసినదీ చేయనిదీ రెండూ తీసుకోండి. వెనక వినిపించే టేపు బుస (హిస్) తీసేసే ఉత్సాహంలో ఊపిరి కూడా తీసేస్తారు కొందరు. పాత క్యాసెట్ తిరిగి ఇవ్వాలని ముందే చెప్పండి.

ఆ సంచుల్లో ఎల్పీలు ఏమైనా మిగిలి ఉంటే సంతోషించండి. ఎల్పీలు చేసే వినైల్ ప్లాస్టిక్‌కు నీళ్లతో ఇబ్బంది లేదు. పాడయ్యేవి అట్ట, మధ్యలోని లేబుల్. సూది నడిచే గాళ్లలో చేరిన మట్టి రేణువులే సూదినీ రికార్డునూ గీకేస్తాయి. అందుకని పొడి గుడ్డతో తుడవకండి. లేబుల్ తడవకుండా పట్టుకుని, ముందు సన్నటి ధారలో మట్టి కడిగేయండి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో వాసన లేని సబ్బు నీళ్లు ఒకటి రెండు చుక్కలు వేసి, మెత్తటి బ్రష్‌తో గాళ్ల వెంటే గుండ్రంగా రాయండి. ఆఖరి కడుగు మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌తోనే. మన బోరు నీళ్లతో ఆఖరి కడుగు కడిగితే ఆరాక గాళ్లలో ఉప్పు మిగులుతుంది, పాటంతా చిటపటలాడుతుంది. నిలబెట్టి ఆరనివ్వండి. మీ నాన్నగారి కాలపు, నిమిషానికి 78 చుట్లు తిరిగే 78 రికార్డులు ఏమైనా ఉంటే వాటికి స్పిరిట్ తగలనివ్వకండి. అవి లక్కతో చేసినవి, స్పిరిట్‌లో కరుగుతాయి. సీడీలను మంచినీళ్లతో కడిగి, మధ్య నుంచి అంచువైపుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా తుడవకండి. బొమ్మ ఉన్న వైపే జాగ్రత్త. పాట ఉన్న పొర ఆ వైపునే పల్చటి పూత కింద ఉంటుంది.

ఇక మీ అమ్మాయి మాట. సగం నిజం. ఘంటసాల గారి భగవద్గీత, సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం లాంటివి దొరకకుండా పోయే రోజంటూ లేదు. సుప్రభాతం ఎల్పీ 1963లో వచ్చింది, తర్వాత క్యాసెట్‌గా, సీడీగా, ఇప్పుడు ఫోన్లోనూ ఉంది. అలాంటివాటికి వెతుకులాట అనవసరం. తెల్లవారి వంటింట్లో వినడానికి ఫోను చాలు. మీకు ఆ నల్ల పళ్లెం తిరగడమే చూడాలనిపిస్తే ఒకటి కొనండి, అది వేరే సంతోషం. మిగతా సగం సంగతి ఏమిటంటే, ఫోన్లో వచ్చే పాట అద్దె ఇల్లు. హక్కుల ఒప్పందం మారితే నిన్నటి పాట ఇవాళ ఉండదు. పైగా అక్కడున్న పాట, మీరు విన్న పాట ఒకటే అనుకోవడానికి లేదు. పాత 78 రికార్డులో ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకే పడుతుంది. సినిమాలో అంతకన్నా నిడివి ఉన్న పాటను రికార్డు కోసం కత్తిరించేవారు, లేదా రెండు వైపులకూ పంచేవారు. అందువల్ల ఒకే పాటకు సినిమాలోది ఒకటి, రికార్డులోది ఒకటి ఉంటాయి. మీ చెవికి అలవాటైన చరణం ఫోన్లో లేకపోతే మీ జ్ఞాపకాన్ని అనుమానించకండి.

మీరు కొన్న నాలుగు తప్పడానికి కారణం దాదాపు ఇదే అయి ఉంటుంది. క్యాసెట్లు ఊపందుకున్న రోజుల్లో, పాత పాటలను వేరే గాయకులతో మళ్లీ పాడించి అమ్మడం మామూలు. అట్ట మీద పాత సినిమా బొమ్మే ఉంటుంది. పాడింది ఎవరో చిన్న అక్షరాల్లో వెనక ఉంటుంది. కొనేముందు ముందు బొమ్మ చూడకండి, వెనక్కి తిప్పండి. కచేరీ క్యాసెట్‌కైతే ఇంకా జాగ్రత్త కావాలి. ఒకే విద్వాంసులు ఒకే కీర్తనను పదేళ్ల తేడాతో రెండు మూడు సంస్థలకు పాడి ఉంటారు. వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఏ కృతి తర్వాత ఏది, ఈ మూడూ కలిస్తేనే అది మీది. కంపెనీ పేరు మారిందని కంగారు పడకండి. హెచ్ఎంవీ గుర్తుతో వచ్చిన పాత రికార్డింగులు ఇప్పుడు సరిగమ పేరుతో వస్తున్నాయి, రెండూ ఒకే సంస్థవే. ఎల్పీలకైతే లేబుల్ మీద అక్షరాలూ అంకెలూ కలిసిన నంబరు ఉంటుంది. అదే నంబరు అట్ట మీద కూడా ఉండాలి. నాకు ఒకసారి అట్ట ఒకటి, లోపలి రికార్డు ఒకటి వచ్చాయి. పోస్టు ఖర్చు కూడా తిరిగి రాలేదు. అప్పటి నుంచి లేబుల్ ఫొటో పంపందే డబ్బు పంపడం మానేశాను.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు వీజీ (వెరీ గుడ్) అని రాసి ఉంటే "చాలా బాగుంది" అని అర్థం చేసుకోకండి. పాత రికార్డుల వ్యాపారంలో ఆ మాటకు అర్థం, పాట నడుస్తుంది, గీతల శబ్దం బాగానే వినిపిస్తుంది అని. మీలాగా వినడానికి కొనేవాళ్లు వీజీ ప్లస్ కన్నా కిందికి దిగకపోవడం మేలు. మద్రాసులోనే తిరగదలుచుకుంటే, పాత సామాన్లకు పేరుపడ్డ మూర్ మార్కెట్ 1985లో కాలిపోయాక అక్కడి వ్యాపారులకు చోటిచ్చిన అల్లికుళం కాంప్లెక్స్ సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉంది. ఎక్కువ పాత పుస్తకాలే, రికార్డుల కోసం అడగాల్సి ఉంటుంది. ప్లేయరు బెల్టు, సూది, హెడ్ క్లీనర్ లాంటివాటికి ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్ ఉండనే ఉంది. చూసి, వీలైతే విని కొన్నదానికి మోసం తక్కువ.

ఏవి ముందు కొనాలని అడిగారు. పోయినవాటి జాబితా పక్కన పెట్టేయండి. ఒక నెల రోజులు చిన్న పుస్తకం దగ్గర పెట్టుకుని, పని చేసుకుంటుండగా నోటికి దానంతట అదే వచ్చిన పాట ఏ ఆల్బమ్‌లోదో రాసుకోండి. 46 ఎల్పీల్లో పది పన్నెండు కన్నా ఎక్కువ పేర్లు రావని నా అనుభవం. అవి కొనండి. మిగతావి మీ నాన్నగారు కొన్నారు కాబట్టి ఉన్నవి, సెట్టు పూర్తి కావాలని ఉన్నవి, ఎవరో బహుమతిగా ఇచ్చినవి. వాటిని పోనివ్వడం వల్ల నాన్నగారికి ఏ లోటూ జరగదు.

కొన్నది మొదటిసారి పెట్టినప్పుడు పరాయిగా అనిపిస్తే వెంటనే తప్పు కొన్నాననుకోకండి. నా దగ్గర ఒక ఎల్పీ ఉండేది. రెండో వైపు ఒకచోట గీత పడి, సూది ఎగిరి రెండు మాటలు మింగేసేది. పెళ్లివారింటికని అడిగి తీసుకెళ్లిన బంధువుల దగ్గర నుంచి అది మళ్లీ రాలేదు. చాలా ఏళ్లకు అదే నంబరుది, గీత లేనిది దొరికింది. ఆ రెండు మాటలూ వినగానే ఎవరో మధ్యలో దూరి మాట్లాడినట్టయింది నాకు. ఒక నెల పాటు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత మెల్లగా వినడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆ రెండు మాటల కోసమే ఎదురుచూస్తాను. పాత రికార్డు మీద ప్రేమ తగ్గలేదు, కొత్తదానికీ చోటు దొరికింది.

మీ రికార్డింగ్ సెంటర్ క్యాసెట్ గురించి నేను ఎక్కువ ఆలోచించాను. ఇప్పటి పిల్లలకు అది ఏమిటో చెప్పాలి. గోడ నిండా ఎల్పీలు పేర్చుకున్న కొట్టు, కౌంటర్ మీద ఖాళీ క్యాసెట్లు, మనం రాసిచ్చిన చీటీ. రెండు మూడు రోజులాగి వెళితే మన పాటలు మన వరసలో నింపి ఇచ్చేవాళ్లు. ఆ వరస ఏ కంపెనీదీ కాదు. ఒక ఇరవయ్యేళ్ల అమ్మాయి కాగితం మీద కొట్టేసి, మార్చి, మళ్లీ రాసుకున్నది. ఒక పాట ముగుస్తుండగానే తర్వాతి పాట ఎత్తుగడ మనసులో మొదలైపోతుందే, మీకు పోయింది అదే. అదృష్టం, దాన్ని తిరిగి కట్టుకోవచ్చు. విడివిడి పాటలు దొరుకుతాయి. వాటిని మీ వరసలో పెట్టి, ఆరు పాటలకు ఒక వైపు, మధ్యలో క్యాసెట్ తిప్పేంత విరామం ఇచ్చి ఒక సీడీ మీదకు ఎక్కించుకోవచ్చు. పన్నెండు పాటలు 80 నిమిషాల్లో పడతాయి. ఓపిక ఉంటే కొత్త క్యాసెట్ మీదకే ఎక్కించండి.

తొమ్మిదో పాట కోసం ఆలోచించడం ఆపండి. పేరు తలుచుకుంటే అది రాదు. అది సీ-60 అయితే, ఏడో పాటతో రెండో వైపు మొదలై ఉంటుంది, అంటే తొమ్మిదోది ఆ వైపు మూడోది. ఏడు, ఎనిమిది పాటలు పూర్తిగా, మధ్యలో ఆపకుండా పెట్టుకుని వినండి. ఎనిమిదోది అయిపోయాక ఇంకేమీ పెట్టకండి. మీ పని మీరు చేసుకుంటూ ఉండండి. ఒక్కరోజులో రాకపోవచ్చు. వారం పాటు అదే వేళకు వినండి. ఆ రోజుల్లో అదే టేప్ రికార్డర్ పక్కన కూర్చున్న అక్కో చెల్లెలో హాస్టల్ స్నేహితురాలో ఉంటే వాళ్లకు ఎనిమిది పాటల పేర్లు చెప్పి "తర్వాత ఏముండేది?" అని అడగండి. మీ క్యాసెట్ మీకన్నా ఎక్కువ విన్నవాళ్లు ఆ ఇంట్లో ఒకరు తప్పకుండా ఉండి ఉంటారు. అప్పటికీ రాకపోతే ఆ చోట నిశ్శబ్దం ఉంచండి. వేరే పాటతో పూడ్చకండి. పూడ్చారంటే అసలుది ఇక గుర్తు రాదు.

దాచే సంగతి క్లుప్తంగా చెబుతాను. కింది అర వద్దు, ఇంకెప్పుడూ వద్దు. మీ వీధిలో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గోడ మీద గుర్తు ఉండే ఉంటుంది, దానికన్నా పైన పెట్టండి. రికార్డులు పుస్తకాల్లా నిలబెట్టండి, ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే వంగుతాయి. ప్లాస్టిక్ సంచిలో కట్టకండి. డిజిటల్‌కు మార్చినవి ఎంత జాగా తీసుకుంటాయోనని భయం వద్దు. గంట క్యాసెట్ వేవ్ ఫైలుగా 600 మెగాబైట్ల పైచిలుకు. మీ 140 క్యాసెట్లూ ఉండి, అన్నీ గంటవే అయినా 90 గిగాబైట్లకు మించేవి కావు. చిన్న హార్డ్ డిస్కులో సగం కూడా నిండదు. ఒక కాపీ ఇంట్లో కంప్యూటర్‌లో, ఒకటి హార్డ్ డిస్కులో, మూడోది మీ అమ్మాయి దగ్గర బెంగళూరులో. ఇక్కడ నీళ్లు వచ్చిన రోజున అక్కడిది భద్రంగా ఉంటుంది. ఆ డిస్కు ఇచ్చేటప్పుడు తనను పక్కన కూర్చోబెట్టుకుని మొదట ముత్తవ్వ మేలుకొలుపులు వినిపించండి.

అమ్మమ్మగారి క్యాసెట్ పెట్టెలోని కాగితం మీద మీ నాన్నగారు ఏమైనా రాసి ఉంటారు, తేదీయో, పాట మొదటి మాటో. తడిసిన సిరా తొందరగా వెలిసిపోతుంది. సంచి దించగానే, ఇంకేమీ చేయకముందు, ఆ కాగితాన్ని బలవంతంగా లాగకుండా, పైనుంచి కనిపించినంత మేరకు పగటి వెలుతురులో ఒక ఫొటో తీయండి.